పానా నోటికి తాళం

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు పెద్దలు. ఆ లెక్కన పానాకి ఏ ఊళ్ళోనూ నిలవనీడ దొరక్కూడదు. కానీ చూడండి, పాతికేళ్ళుగా అదే వీధి చివర, అదే రేకుల షెడ్డులో, అదే నోటితో బండ్లు బాగుచేస్తూ హాయిగా బతికేస్తున్నాడు. పైగా జనం దారిలో ఇంకో రెండు షెడ్లు దాటుకుని మరీ అతని దగ్గరికే వస్తారు. ఆ సామెత పుట్టించిన పెద్దలు ఎప్పుడూ బండి తోలి ఉండరని నా అనుమానం.

పానా అన్నది అతని అసలు పేరు కాదు. ప్యాంటు వెనక జేబులో ఎప్పుడూ బోల్టులు బిగించే పది-పదకొండు పానా ఒకటి వేలాడుతుంటుంది కాబట్టి ఎవరో అలా పిలిచారు, అది అతుక్కుపోయింది. అతను మనుషులతోనే కాదు, బండ్లతో కూడా మాట్లాడతాడు. స్టార్టు కాని స్కూటర్ని "ఏమే మొండిదానా, పొద్దున్నే ఏం పోయేకాలం వచ్చింది నీకు?" అని పలకరిస్తాడు. క్లచ్చు ప్లేట్లు బూడిదయ్యేదాకా తోలి తెచ్చినవాణ్ణి "బండి కొన్నావా, దాని మీద పగ తీర్చుకుంటున్నావా?" అని నిలదీస్తాడు. ఇక అదే షెడ్డులో పక్క భాగంలో వెల్డింగు చేసే స్నేహితుడి సంగతి చెప్పనే అక్కర్లేదు. పొద్దున రాగానే "ఇంకా బతికే ఉన్నావా?" అంటాడు పానా. "నిన్ను సాగనంపాకే నేను పోయేది" అంటాడు వెల్డర్. ఇద్దరికీ అదే పలకరింపు. ఒకరోజు వెల్డరుకి జ్వరమొచ్చి రాకపోతే పానా ఆ మాట అనడానికి మనిషి లేక మధ్యాహ్నం దాకా పని ముట్టుకోలేదు.

ఈ తిట్లకి ఒక కట్టుబాటుంది. అవన్నీ సొంతవాళ్ళకే. సొంతవాళ్ళు పాత టైర్ల మీద కూర్చుంటారు, తిట్లు తింటారు, బండి బాగుచేయించుకుని నవ్వుతూ పోతారు. పేచీకోరులూ, ప్రతి బోల్టుకీ వంక పెట్టేవాళ్ళూ వస్తే మాత్రం పానా ఒక్కసారిగా మెత్తబడిపోతాడు. షెడ్డులో ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీని గుడ్డతో తుడిచి, "రండి సార్, దయచేసి కూర్చోండి సార్" అంటాడు. "తమరి బండికి మాలాంటివాళ్ళం చాలం సార్, పెద్ద వర్క్‌షాపులో చూపించండి" అంటూ రోడ్డు దాకా వెళ్ళి సాగనంపుతాడు. తనకి ఇలాంటి అలవాటొకటి ఉందని పానాకే తెలియదు. పక్కనుంచి చూసే వెల్డరుకి తెలుసు గానీ, తెలిసినవన్నీ చెప్పుకుంటూ కూర్చుంటే వెల్డింగు ఎవరు చేస్తారు?

నలభై రెండేళ్ళ వయసులో పానాకి పెళ్ళయింది. ఎలా అయిందో చెబితే మీరు నమ్మరు. ఒక నర్సు తన స్కూటర్ని తోసుకుంటూ వచ్చింది. పానా దాని మూత విప్పి, లోపల చూసి, పావుగంటసేపు దాని వంశాన్నంతా తిట్టాడు. ఆమె చేతులు కట్టుకుని అంతా విని, "మీరు తిడుతున్నది దాన్నా, నన్నా?" అని అడిగింది.

"స్కూటర్ని. మిమ్మల్ని తిట్టేంత చనువు ఇంకా లేదు కదా" అన్నాడు.

"ఎప్పుడొస్తుందో చెప్పండి, ఆసుపత్రిలో సెలవు పెట్టుకుని వస్తాను" అంది.

వెల్డర్ నల్లద్దాలు పైకెత్తి మరీ ఆమెని చూశాడు. ఆరు నెలల తర్వాత ఆమె పానా ఇంటికి వచ్చేసింది.

ఆమెకి మొదటి పెళ్ళి వల్ల పదకొండేళ్ళ కూతురు ఉంది. ఆ పిల్లకి నాలుగేళ్ళప్పుడు తండ్రి పోయాడు. తల్లికేమో పగలూ రాత్రీ మారే డ్యూటీలు. అందుకని పిల్ల పెద్దమ్మ దగ్గర పెరిగింది. పెద్దమ్మ బళ్ళో భాష చెప్పే టీచరు. ఆ ఇంట్లో పిల్లి కూడా తప్పు మాట్లాడకుండా అరుస్తుందని నర్సే నవ్వేది. ఇప్పుడు ఆ పెద్దమ్మకి దూరం బదిలీ అయింది. పిల్ల ఇక తల్లి దగ్గరికి రావాలి. పెద్దమ్మ ఒక్క షరతు పెట్టింది: పిల్ల నెల రోజులు ఉండి చూస్తుంది, ఆ ఇల్లు నచ్చకపోతే బడి హాస్టల్లో చేరుతుంది, బలవంతం చేయకూడదు.

పిల్ల వచ్చే ముందురోజు నర్సు పానాని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "ఒక్క మాట ఇవ్వండి. దాని ముందు మీ షెడ్డు భాష వద్దు. అది భయపడిపోతుంది. నాకు అది కావాలండీ. ఏడేళ్ళు దూరంగా పెంచుకున్నాను."

నిజం చెప్పాలంటే ఆ పిల్ల పానాకీ కావాలి. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. సామాను గది ఖాళీ చేసి సున్నం కొట్టాడు. వెల్డర్ చేత ఇనప కాళ్ళు చేయించి ఒక చదువుకునే బల్ల తయారుచేసి, అది కుదురుగా నిలబడిందా లేదా అని నాలుగు వైపుల నుంచీ ఊపి చూశాడు. పెళ్ళాం మాట అడగ్గానే చేతిలో చెయ్యేసి ఇచ్చేశాడు. ఇచ్చాడు సరే, నోరు మూసుకుంటే చాలదు కదా, మాట్లాడాలి. మంచి మాటలు అతని దగ్గర ఎక్కడున్నాయి? షెడ్డులో పాటలొచ్చే రేడియోని వార్తలకి తిప్పాడు. వార్తలు చదివే ఆవిడ ఎలా అంటే అలా అనడం మొదలుపెట్టాడు.

"సోదరా, ఆ సుత్తిని ఇటు అందించగలరా?" అన్నాడు వెల్డరుతో.

వెల్డర్ వచ్చి అతని నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

పిల్ల వచ్చింది. సన్నగా, పొడుగ్గా, రెండు జడలతో, చేతిలో ఒక సంచీ, చంకలో ఒక పొడుగాటి నోటుపుస్తకం. పానా గుమ్మంలోకి ఎదురెళ్ళాడు. రెండుసార్లు స్నానం చేసినా గోళ్ళలో గ్రీజు పోలేదని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"రండమ్మా. ప్రయాణం సుఖంగా జరిగిందా? దయచేసి లోపలికి విచ్చేయండి."

పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి నవ్వు ఆపుకుంటూ గోడ వైపు చూసింది. "బాగానే జరిగిందండీ" అంది పిల్ల.

బడి నాలుగింటికి వదుల్తారు. నర్సు డ్యూటీ దిగేసరికి ఏడవుతుంది. మధ్యలో మూడు గంటలు పిల్ల షెడ్డులోనే ఉండాలి. పానా రోజూ మూడున్నరకే కుర్చీ తుడిచి నీడలో వేసేవాడు. ఆ పిల్ల అందులో ఒద్దికగా కూర్చుని హోంవర్కు చేసుకునేది. అది అయిపోయాక నోటుపుస్తకం తీసేది. చుట్టూ వినిపించే మాటలన్నీ ఆమెకి కొత్త. పెద్దమ్మ ఇంట్లో అలాంటివి కలలోకి కూడా రావు. తెలియని మాట వస్తే రాసుకుని అర్థం కనుక్కోమని పెద్దమ్మ చెప్పిందట. ఏ మాటలని మాత్రం పెద్దమ్మ చెప్పలేదు.

"బాబాయ్, సుత్తి అంటే?" అని వెల్డర్ని అడిగింది.

"అదుగో, ఆ మూల ఉంది కదమ్మా."

"అది కాదు. ఇందాక ఆ కళ్ళజోడాయన వెళ్ళాక మీరు 'అబ్బ, ఏం సుత్తిరా బాబూ' అన్నారు."

వెల్డర్ తల గోక్కున్నాడు. "అంటే... గంటసేపు కొడుతూనే ఉంటాడమ్మా. ఒక్క మేకూ దిగదు."

పిల్ల బుద్ధిగా రాసుకుంది. "మరి బుర్ర తినడం?"

"అదా, దానికి పళ్ళు అక్కర్లేదు."

అదీ రాసుకుంది. వెల్డరుకి ఉత్సాహం వచ్చేసింది. డబ్బా కొట్టడం, కాకా పట్టడం, గాలి తీయడం, నస పెట్టడం, ఒక్కొక్కటీ నటించి మరీ చూపించాడు. కాకా పట్టడం చూపించడానికి పానా భుజాలు నొక్కాడు. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి పానాకి చేతిలోని ప్లగ్గు జారి నూనె డబ్బాలో పడింది.

"మీరు చెప్పండి" అని అతని వైపు తిరిగింది పిల్ల. "చెవిలో పువ్వు పెట్టారంటారు కదా, చెవిలోనే ఎందుకు? ముక్కులో ఎందుకు పెట్టరు?"

దేవుడా! ఆ ప్రశ్నకి పానా దగ్గర ఒకటి కాదు, నాలుగు జవాబులున్నాయి. నాలుక చివరికి వచ్చి తోసుకుంటున్నాయి. కానీ ఇచ్చిన మాట ఉంది. మింగేశాడు. రేడియో ఆవిడని తలుచుకున్నాడు. "అవి మీవంటివారు నేర్వదగిన మాటలు కావమ్మా" అన్నాడు.

పిల్ల నవ్వు ఆగిపోయింది. నోటుపుస్తకం మూసింది. "క్షమించండి" అంది. ఆ తర్వాత ఇంకెప్పుడూ అతన్ని ఏమీ అడగలేదు. అతను లేనప్పుడు వెల్డర్నే అడిగేది, అతను రాగానే ఆపేసేది. పానా అది గమనించాడు. తన మర్యాద ఇంకా చాల్లేదేమో అనుకున్నాడు. తెలివితక్కువతనానికి కొమ్ములుంటే ఆ రోజు అతను షెడ్డు తలుపులో పట్టేవాడు కాదు.

మూడో వారంలో, బ్యాంకులో పనిచేసే ఆ కళ్ళజోడాయన మళ్ళీ వచ్చాడు. ముందు చక్రం తను చెప్పిన బిగువులో లేదని, హారను శ్రుతి తప్పిందని, కిందటిసారి బోల్టు మీద గీత పడిందని అరగంట దండకం చదివాడు. ఉన్నది ఒకటే మంచి కుర్చీ. పిల్ల తనంతట తనే లేచి పక్కకి నిలబడింది. పానా గుడ్డ తీసి కుర్చీ తుడిచాడు. "రండి సార్, దయచేసి కూర్చోండి సార్. తమరి బండికి మాలాంటివాళ్ళం చాలం సార్. తమరికి ఎక్కడ సౌకర్యంగా ఉంటే అక్కడే చూపించండి." రోడ్డు దాకా వెళ్ళి నవ్వుతూ సాగనంపి వచ్చాడు.

"పీడా వదిలింది" అన్నాడు వెల్డర్.

"జన్మలో ఇటు రాడు" అన్నాడు పానా. అని, అదే గుడ్డతో అదే కుర్చీ మళ్ళీ తుడిచి, పిల్ల వైపు తిరిగి, ఎంతో ప్రేమగా, "రండమ్మా, ఇప్పుడు మీరు దయచేసి కూర్చోండి" అన్నాడు.

పిల్ల కుర్చీ వైపు చూసింది. గుడ్డ వైపు చూసింది. "ఫరవాలేదండీ, నిలబడతాను" అంది. ఆ రోజు ఏడింటిదాకా నిలబడే ఉంది. పానా ఎంత బతిమాలినా కూర్చోలేదు.

ఆ శుక్రవారం సాయంత్రం భోజనాల దగ్గర పిల్ల ఒక కాగితం బల్ల మీద పెట్టింది. హాస్టల్ ఫారం. సోమవారం ఆఖరు రోజు.

"ఇంట్లో పెద్దవాళ్ళ సంతకం కావాలండీ" అంది పానాతో.

నర్సు చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఏం తక్కువైందే నీకిక్కడ? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"లేదమ్మా. నన్ను ఎవరూ ఏమీ అనలేదు."

"మరి?"

"హాస్టల్లో చదువు బాగా సాగుతుందట." పిల్ల కూరలో ముక్కలు ఏరుకుంటూ అంది. తల ఎత్తలేదు.

పానాకి పోవద్దని అరవాలనిపించింది. బల్ల మీద గుద్దాలనిపించింది. కానీ బలవంతం చేయకూడదన్న షరతు ఒకటి, నోరు జారకూడదన్న మాట ఒకటి. రెండింటి మధ్యా నలిగి, "మీ ఇష్టమే మా ఇష్టం అమ్మా. మీకు ఎక్కడ సౌకర్యంగా ఉంటే అక్కడే" అన్నాడు. పెన్ను అందుకుని సంతకం పెట్టాడు. పిల్ల అతన్ని ఒక్క క్షణం చూసింది. ఇంకేదో అంటాడని చూసినట్టుంది. అనకపోయేసరికి కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. ఆ రాత్రి మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక అటొకరూ ఇటొకరూ తిరిగి పడుకున్నారు.

శనివారం పానా ఒకరి బండికి ఇంకొకరి బ్రేకు వైరు వేశాడు. వెల్డర్ "ఇంకా బతికే ఉన్నావా?" అంటే "ఏమో" అన్నాడు. వెల్డర్ భయపడి ఆ రోజంతా అతన్ని తిట్టకుండా చూసుకున్నాడు. ఆదివారం సంగతి చెప్పుకోవడానికేమీ లేదు. పిల్ల తన పుస్తకాలు పెట్టెలో సర్దుకుంది, పానా గోడకి ఇవతల కూర్చుని ఆ చప్పుడు విన్నాడు.

సోమవారం నర్సు పొద్దున్నే డ్యూటీకి వెళ్ళింది. పిల్ల ఫారం తీసుకుని బడికి వెళ్ళింది. పానా షెడ్డు తెరిచి, టైర్లు జరుపుతుంటే వాటి వెనక నోటుపుస్తకం దొరికింది. శనివారం మర్చిపోయి ఉంటుంది. చేతులు కిరసనాయిలుతో కడుక్కుని, ప్యాంటుకి తుడుచుకుని, ఒక్క వేలితో తెరిచాడు.

గుండ్రటి అక్షరాలు. "సుత్తి: షెడ్డులో మూడున్నాయి. నాలుగోది బ్యాంకు నుంచి వస్తుంది." పానా నవ్వాడు. "నీ మొహం: మొహం బాగాలేదని కాదు. వెల్డర్ బాబాయ్ టీ తెచ్చి ఇస్తే, నేను వింటున్నానని తెలియక ఆయన 'నీ మొహం, ఇది టీయా?' అన్నారు. అని, రెండో కప్పు కూడా తాగారు." "అంత సీన్ లేదు: సినిమాకి సంబంధం లేదు. గొప్పలు చెప్పేవాళ్ళని కిందకి దించడానికి నిచ్చెన." "ఏడిశావులే: ఎవరూ ఏడవరు. ఎదుటివాళ్ళంటే ఇష్టం ఉండి, ఆ సంగతి ఒప్పుకోవడం ఇష్టం లేనప్పుడు అంటారు." "ఇంకా బతికే ఉన్నావా: బాగున్నావా అని. బాబాయ్ రాని రోజు ఆయన ఏ పనీ చేయలేదట. ఈ మాట నాకు అన్నిటికన్నా నచ్చింది."

పానా గట్టిగా నవ్వి వెల్డర్ని పిలిచాడు. "ఇలా రారా, మన బతుకులు అచ్చేసింది చూడు." వెల్డర్ వచ్చి భుజం మీదుగా వంగాడు. పానా పేజీ తిప్పాడు. రాసిన వాటిలో అదే ఆఖరిది.

"రండి, కూర్చోండి, దయచేసి, ఎక్కడ సౌకర్యంగా ఉంటే అక్కడే: ఇవి ఈ షెడ్డులో అన్నిటికన్నా పెద్ద తిట్లు. వద్దనుకున్నవాళ్ళకి మాత్రమే. నేను వచ్చాక ఆయన వీటిని ఇద్దరితోనే అన్నారు. బ్యాంకు ఆయనతో, నాతో. బ్యాంకు ఆయనకి ఒకసారి చెబితే అర్థమైంది. నాకు ఇరవై రోజులు పట్టింది."

దాని కింద చిన్న అక్షరాలతో: "అమ్మకి చెప్పకూడదు. అమ్మ ఈ ఇంట్లో బాగా నవ్వుతోంది."

పానా అలాగే టైరు మీద కూలబడ్డాడు. ఒకసారి చదివాడు. ఇంకోసారి చదివాడు. వెల్డర్ నల్లద్దాలు కిందకి దించేసుకున్నాడు. పగటిపూట, ఏ మంటా లేకుండా, అద్దాలెందుకు దించుకున్నాడో వేరే చెప్పాలా?

"ఆ కుర్చీ చూసినప్పుడల్లా నాకు ఏదో తేడాగా ఉండేదిరా" అన్నాడు వెల్డర్ కాసేపటికి. "చెప్పాల్సింది. మీ ఇంటి గొడవ నాకెందుకని ఊరుకున్నాను."

పానా ఆసుపత్రికి ఫోన్ చేశాడు. నర్సు వార్డులోంచి పరిగెత్తుకొచ్చి ఎత్తింది. అతను ఆ ఆఖరి పేజీ చదివి వినిపించాడు.

"నేను నీకిచ్చిన మాట నాకు వెనక్కి కావాలి" అన్నాడు పానా.

"ఇచ్చేస్తున్నాను" అంది నర్సు. ఏడుస్తోంది. "దాని మంచికే అనుకున్నానండీ, మీ నోరు నేనే కట్టేశాను. ఇంకా ఫోన్ పట్టుకుని నిలబడ్డారేంటి? వెళ్ళండి!"

షెడ్డులో అప్పటికి బిగించి ఉన్న బండి ఒక్కటే ఉంది. దానికి సైలెన్సరు లేదు, వెల్డర్ దగ్గర ఉంది. పానా దాన్నే తన్నాడు. అది వీధంతా దద్దరిల్లేలా అరుచుకుంటూ పోయింది. బాల్కనీల్లోకి జనం వచ్చి చూశారు. బడి ముందు ఆగేసరికి ఒక క్లాసు పాఠం ఆగిపోయింది.

ఆఫీసు గదిలో ఒక బల్ల, దాని వెనక గుమస్తా, గోడ పక్కన బెంచీ. బెంచీ మీద పిల్ల కూర్చుని ఉంది. గుమస్తా అప్పుడే ఫారం మీద ముద్ర వేసి సిరా ఆరడానికి ఊదుతున్నాడు. పానా నూనె మరకల చొక్కాతో, చెదిరిన జుట్టుతో గుమ్మంలో నిలబడ్డాడు. పిల్ల లేచి నిలబడింది.

ఇరవై నాలుగు రోజుల అలవాటు ఎక్కడికి పోతుంది? నోరు తెరవగానే, "అమ్మా, మీరు దయచేసి..." అని వచ్చింది. పిల్ల మొహం వాడిపోయింది. పానా తన నోటి మీద తనే ఒక్కటి కొట్టుకున్నాడు.

"ఒసేయ్ తింగరిబుచ్చీ!" అన్నాడు.

గుమస్తా చేతిలో ముద్ర కింద పడింది.

"తలకాయలో బుర్ర ఉందా, గ్రీజు డబ్బా పెట్టుకు తిరుగుతున్నావా? అన్నిటికీ అర్థాలు రాసేశావే పెద్ద పండితురాలిలాగా! ఒక్కటంటే ఒక్కటి నన్నడిగి చచ్చావా? మీ అమ్మ నా నోటికి తాళం వేసిందే! నువ్వు బెదిరిపోతావని! లేకపోతే నువ్వొచ్చిన రోజే, ఆ సంచీ దారికడ్డంగా పడేశావు చూడు, దాన్ని తన్నుకుని నా బొటనవేలు వాచిపోయింది చూడు, ఆ రోజే మొదలెట్టేవాణ్ణి! గదిలో లైటు ఆర్పడం మీ వంశంలో లేదా? పాలు సగం తాగి గ్లాసు కిటికీలో దాస్తావు, రోజూ ఎవరు తాగుతున్నారనుకున్నావు, పిల్లా? నేనే! నాకు పాలు పడవు! పాఠం పైకి చదువుతూ కష్టమైన మాట రాగానే గుటుక్కున మింగేస్తావు, గోడ అవతల మనిషి వినడం లేదనుకున్నావా? ప్రతి రాత్రీ ఆ మింగిన మాటేమిటా అని నిద్రపట్టక చస్తున్నాను!"

"ఏమయ్యా, ఇది బడి. పిల్లని అలా..." అంటూ గుమస్తా లేవబోయాడు.

పిల్ల అతని వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపింది. "ఉండండి. ఆయన్ని చెప్పనివ్వండి."

"చెప్పడానికేముంది?" పానా మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఇన్నాళ్ళ తిట్లు లోపల పేరుకుపోయి కడుపుబ్బరం వచ్చింది నాకు. నువ్వు పోతే అవన్నీ ఎవరికి పెట్టాలి? ఇల్లు వదిలి పోతుందిట! ఎవర్నడిగి పోతావే? నువ్వు లేకపోతే నేనుండలేను. మీ అమ్మ కోసం కాదు. మీ అమ్మ ఏడుస్తుందని కాదు. నాకే. నాకు కావాలి నువ్వు."

పిల్ల ఏడుపు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. రెండు ముంజేతులతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నకొద్దీ వచ్చాయి. పానా దగ్గరికి వెళ్ళబోయి, చొక్కాకి ఉన్న గ్రీజు చూసుకుని ఆగాడు. పిల్ల ఆగలేదు. వచ్చి ఆ గ్రీజులోనే మొహం పెట్టేసింది.

"రేపు కూడా తిడతారా?" అని అడిగింది చొక్కాలోంచే.

"రేపేంటి, ఇంటికి పద, ఇవాళే ఇంకా సగం మిగిలుంది."

గుమస్తా దగ్గాడు. అతనికీ కళ్ళు చెమ్మగిల్లినట్టున్నాయి గానీ, ఆఫీసు ఆఫీసే కదా. ముద్ర పడిన ఫారం చింపడానికి వీల్లేదన్నాడు. వద్దనుకుంటే దానికి వేరే కాగితం ఉంది, అందులో కారణం రాయాలి, పెద్దవాళ్ళు సంతకం పెట్టాలి, అని సొరుగులోంచి ఒకటి తీసి ఇచ్చాడు.

పిల్ల బల్ల మీదకి వంగి, ఎంత ఏడుస్తున్నా అక్షరాలు గుండ్రంగానే రాస్తూ, పేరు, తరగతి నింపింది. కారణం దగ్గర పెన్ను కాసేపు ఆగింది. తర్వాత గబగబా ఒక ముక్క రాసి గుమస్తాకి ఇచ్చింది. అతను చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఇంట్లో నన్ను తిడుతున్నారు."

"అమ్మాయీ, ఇది హాస్టల్లో చేరడానికి రాసే కారణం" అన్నాడు గుమస్తా. "మానుకోవడానికి కాదు."

"మానుకోవడానికేనండీ" అంది పిల్ల. ముక్కు ఎగబీల్చుకుని, కాగితం పానా వైపు జరిపింది. "ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు."